బావి గోడ మీద యాభై ఆరు

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులు వచ్చాయంటే ఊరి పిల్లలందరికీ పండుగే. ఆ ఒక్క ఏడాది మాత్రం నాకు కాదు. కట్టంగూర్ నుంచి కాస్త లోపలికి ఉంటుంది మా ఊరు. ఐదో తరగతి పెద్ద పరీక్షల ముందు నాకు తట్టు పోసింది. మా అవ్వ, అంటే బాపు తల్లి, గుమ్మానికి వేపమండ కట్టి, నన్ను గడప దాటనివ్వలేదు. నేను లేచి తిరిగేసరికి పరీక్షలు అయిపోయాయి. బడి పెద్దసారు దయగల మనిషి. బడి తెరిచిన రోజు వచ్చి ఎక్కాలన్నీ తడుముకోకుండా చెబితే ఆరో తరగతికి పంపిస్తానన్నారు.

మా బాపు దానికి తన మాట ఒకటి కలిపాడు. "చెప్తే పోతది, చెప్పకుంటే బంద్. సదివిన తరగతే మల్ల సదువుడేంది? అవ్వతోని చెల్క పనికి పోతది" అన్నాడు. కోపంగా అంటే ఏడ్చి సాధించుకునేదాన్ని. అన్నం కలుపుకుంటూ మామూలుగా అన్నాడు. అందుకే అది జరిగి తీరుతుందని నాకు తెలిసింది. ఐదో ఎక్కం వరకు నాకు బాగానే వచ్చు. ఆరు నుంచి నాలుక మడత పడేది. ఏడో ఎక్కమైతే మరీ అన్యాయం, ఎంత వల్లె వేసినా సగంలో చేయి వదిలేసేది. పొద్దున వచ్చింది మధ్యాహ్నానికి ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో దిగింది మా చిన్నత్త. బాపుకు ఆఖరి చెల్లెలు. కల్వకుర్తి దగ్గరి ఊరికి ఇచ్చారు ఆమెను. ఎండాకాలం తల్లిగారింటికి వచ్చిందంటే ఇంట్లో కంటే బావిలోనే ఎక్కువసేపు ఉండేది. చీర గోచి పోసి, మోట రాయి మీద నుంచి ఆమె దూకితే నీళ్లు మెట్ల మీదికి వచ్చేవి. అవ్వ గట్టు మీద నిలబడి తిట్టేది. అత్త నీళ్లలోంచి నవ్వేది.

నేను మంచం మీద కూర్చుని ఏడుస్తూ ఏడో ఎక్కం చదువుతుంటే విన్నది అత్త. సంగతంతా అడిగి తెలుసుకుంది. తర్వాత వంటింట్లోకి పోయి అవ్వతో గొంతు తగ్గించి అన్న మాట నాకు వినబడింది. "నన్ను గిట్లనే బంద్ వెట్టిన్రు గదనే అవ్వా. దీన్ని గూడ వెడ్తరా?" అవ్వ పొయ్యి ఊదుతూ ఉండిపోయింది. అత్త బయటికి వచ్చి నా చేతిలోని పలక తీసి గూట్లో పెట్టింది.

"గింత ఎండల ఇంట్ల కూసుంటే ఏం ఎక్కుతది కోడలా? దా, బాయికాడికి పోదాం."

పోతూ పోతూ గోడలకు వేయగా మిగిలిన సున్నం డొప్పలో పోసుకుంది. మాది గుండ్రని రాతికట్టు బావి. పడమటి దిక్కున మెట్లు. తూర్పున కొత్తగా బిగించిన మోటరు పైపు. దక్షిణాన రాళ్ల సందులో మొలిచిన మేడి మొక్క. ఉత్తరాన పిట్టలు గూడు పెట్టిన బొరియ. అత్త డొప్పను నీళ్ల మీద తేలేసి, ఒక చేత్తో ఈదుకుంటూ, సున్నంలో ముంచిన గుడ్డపేలికతో బావి చుట్టూ రాళ్ల మీద అంకెలు రాసింది. ఆరో ఎక్కం, ఏడో ఎక్కం, ఎనిమిది, తొమ్మిది, అన్నింటి జవాబులూ ఆ రాళ్ల మీదికి ఎక్కాయి. మేడి మొక్క పక్కన నలభై రెండు. పిట్టగూడు కింద అరవై మూడు. మోటరు పైపు వెనుక యాభై ఆరు. చూస్తుంటేనే నాకు ఒళ్లు పులకరించింది. ఇది చదువో ఆటో నాకే అర్థం కాలేదు.

నడుముకు రెండు ఎండు సొరకాయ బుర్రలు కట్టి నన్ను నీళ్లలోకి దింపింది. చుట్టుపక్కల పిల్లలు ఇద్దరు ముగ్గురు వాసన పట్టినట్టు వచ్చి చేరారు. అత్త మెట్టు మీద కూర్చుని కేక వేస్తుంది. "ఏడారులు!" ఆ కేక బావి చుట్టూ తిరిగి వచ్చేలోపల మేము కాళ్లు టపటపా కొట్టుకుంటూ నలభై రెండు రాయిని ముట్టుకోవాలి. తప్పు రాయి ముట్టినవాళ్లు మెట్లన్నీ ఎక్కి మళ్లీ దూకి రావాలి. ముందు ముట్టినవాళ్లకు తాటి ముంజ. మొదట్లో నేను ఎక్కిన మెట్లకు లెక్కలేదు. బుర్రలతో నేను తాబేలులా కదులుతుంటే మిగతావాళ్లు ముంజలన్నీ మింగేసేవాళ్లు. ఆ ఉక్రోషమే నాకు ఎక్కాలు నేర్పిందని ఇప్పటికీ నా నమ్మకం. కేక సగం వినగానే ఎటు తిరగాలో ఒంటికి తెలిసిపోవడం మొదలైంది. రాత్రి పడుకుంటే కూడా బావి కళ్లముందు తిరిగేది.

సెలవులు ముగియడానికి కొద్ది రోజుల ముందు పెద్ద గాలివాన వచ్చింది. పొద్దున్నే బావికి పరుగెత్తి చూస్తే రాళ్లన్నీ నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఒక్క అంకె మిగల్లేదు. నేను మెట్ల మీద కూలబడి గుక్కపట్టి ఏడ్చాను. నా చదువంతా వాన కడిగేసిందనే అనుకున్నాను. వెనుకే వచ్చిన అత్తను మళ్లీ రాయమని కాళ్లావేళ్లా పడ్డాను. ఆమె బావిని చూసింది, నన్ను చూసింది, కొంగు నడుముకు చుట్టింది. ఆ ముఖంలో ఎంత సంబరమో!

"ఇగ జూడు, గిప్పుడున్నది అసలు మజా" అంది. అంటూనే నేను కన్నీళ్లు తుడుచుకునేలోపు కేక వేసింది. "ఏడెనిమిదులు!"

నేను దూకేశాను. ఏడుపు మధ్యలో ఉన్నానని గానీ, రాళ్ల మీద ఏమీ లేదని గానీ గుర్తులేదు. తిన్నగా పోయి మోటరు పైపు వెనుక రాయి మీద చేయి వేసి "యాభై ఆరు" అని అరిచాను. "తొమ్మిదేడులు!" పిట్టగూడు కింద. "ఏడారులు!" మేడి మొక్క పక్కన. బావి అంతా నాదే. అత్త మెట్ల మీద నిలబడి చప్పట్లు కొడుతూ, "నడుముకేమున్నదో జూస్కో పిల్లా" అంది. చూసుకుంటే బుర్రలు లేవు. ఏడుస్తూ కూర్చున్నదాన్ని కట్టుకోవడమే మరిచిపోయాను. అది తెలియగానే రెండు గుక్కలు నీళ్లు తాగానన్నది వేరే సంగతి. అత్త వచ్చి జుట్టు పట్టి పైకి లాగింది. ఇద్దరం నవ్వీ నవ్వీ అలసిపోయాం.

బడి తెరిచేనాటికి అత్త తన ఊరికి వెళ్లిపోయింది. బాపు నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చి, పెద్దసారు గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. సారు అడుగుతున్నారు, నేను చెబుతున్నాను. అంతా బాగానే ఉంది. "ఏడెనిమిదులు?" అనగానే నేను గిరుక్కున తూర్పుకు తిరిగి యాభై ఆరు అన్నాను. నా ఖర్మ కొద్దీ ఆ గదిలో తూర్పు గోడకే ఎక్కాల పటం వేలాడుతోంది. సారు ముఖం మారిపోయింది. చూసి చెబుతున్నానని కసిరారు. బాపు తల దించుకున్నాడు. చెల్క, గొడ్లు, అవ్వ వెనుక నడక, అన్నీ ఒక్కసారి కళ్లముందు కనిపించాయి.

సారు నన్ను బయట వాకిట్లోకి తీసుకుపోయారు. అక్కడ గోడలు లేవు, పటాలు లేవు. మళ్లీ అడిగారు. నేను మళ్లీ తూర్పుకే తిరిగాను. ఈసారి ఎదురుగా సారు సైకిల్ ఉంది. యాభై ఆరు అన్నాను. ఏడారులు అడిగారు. దక్షిణానికి తిరిగాను. అక్కడ బాపు నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లలోకి చూస్తూ నలభై రెండు అన్నాను.

"ఏందమ్మా, మీ నాయిన మొకం మీద రాసున్నదా?" అన్నారు సారు.

"కాదు సార్, ఆడ మేడి చెట్టున్నది" అన్నాను.

సారుకు ఏమీ అర్థం కాలేదు. బావి సంగతంతా చెప్పాను, ఏ అంకె ఏ రాయి మీదో చేత్తో గాలిలో చూపిస్తూ. ఆయన కళ్లజోడు తీసి మరీ నవ్వారు. ఆ తర్వాత నా చుట్టూ తిరుగుతూ, పోటీ పడుతున్నట్టు ఒకటే ప్రశ్నలు. నేను వాకిట్లో బొంగరంలా తిరుగుతూ ఒకటే జవాబులు. చివరికి అలసిపోయింది సారే. "తీస్కపో, ఆరో తరగతిల గూసోబెట్టు" అని బాపు భుజం తట్టారు.

వచ్చేటప్పుడు బాపు ఇంటికి పోకుండా బావి వైపు మళ్లాడు. గట్టు మీద నిలబడి, "ఆ యాభై ఆరు ఏడున్నదే?" అని అడిగాడు. మోటరు పైపు వెనుక రాయి చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఆడేం లేదు గదనే" అన్నాడు.

"ఉన్నది బాపూ" అన్నాను.

నా తల మీద చేయి పెట్టాడు. ఆ తర్వాత ఆయన నోట బంద్ అనే మాట నేను వినలేదు. నేను చదువుకుని, పంతులమ్మనై, ఎంతమందికి ఎక్కాలు చెప్పానో. ఏ పిల్లనూ బల్లకు అతికించి కూర్చోబెట్టి చెప్పలేదు. ఒళ్లు కదిలితే మనసు తెరుచుకుంటుందని ఆ బావిలో నేర్చుకున్నాను.

ఆ బావి ఇప్పుడు లేదు, పూడ్చేశారు. మొన్నటి ఎండాకాలం నా మనవరాలు ఎక్కాలంటే ముఖం ముడుచుకుని కూర్చుంటే, నార్కట్‌పల్లి దాటాక ఒక తోటలో కిరాయికిచ్చే స్విమ్మింగ్ పూల్ ఉందని తెలిసి పిల్లలందరినీ బండెక్కించాను. మా చిన్నత్తను కూడా పట్టుబట్టి తీసుకుపోయాను. జుట్టంతా ముగ్గుబుట్ట అయినా గొంతు మాత్రం అదే. పూల్ అంచున కూర్చుని నీళ్లలో కాళ్లు ఆడిస్తోంది. చుట్టూ గట్టు మీద నేనే సుద్దముక్కతో అంకెలు రాశాను. పిల్లలు ట్యూబులతో దూకారు. ఉండబట్టలేక, నైటీ మీదే నేనూ దిగిపోయాను.

అత్త కేక వేసింది. "ఏడెనిమిదులు!"

మనవరాలు అందరికంటే ముందు పోయి మెట్ల పక్కన నేను రాసిన యాభై ఆరును ముట్టుకుంది. నేను మాత్రం గబగబా ఈదుకుంటూ తూర్పు గట్టుకు పోయి, ఏమీ రాయని చోట చేయి వేశాను. పిల్లలంతా "అమ్మమ్మ తప్పు, అమ్మమ్మ తప్పు" అని కేరింతలు కొట్టారు.

అత్త ఒక్కతే నవ్వలేదు. కొంగుతో కళ్లొత్తుకుని, "తప్పు గాదు బిడ్డా, మీ అమ్మమ్మది గాడనే ఉన్నది" అంది.