పత్తి చేలో పోయిన బిళ్ళ

మిరపకాయల లారీ మా వీధిలో ఆగితే ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. నేను మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ ఘాటును గుండెల నిండా పీల్చుకుంటాను. మా ఊరి కల్లం వాసన అది.

శివరాత్రి వెళ్ళాక కల్లాల్లో కాయలు ఎర్రగా పరుచుకునేవి. మా మేనత్త మరియమ్మ ముక్కుకు కొంగు చుట్టుకుని, తెల్లబారిన తాలు కాయలు ఏరి తట్టలో వేసేది. పక్కనే బీడులో, క్రిస్మస్‌కు కుట్టించిన గౌను వెలిసిపోయేదాకా తొడుక్కుని, నేను మగపిల్లలతో బిళ్ళంగోడు ఆడేదాన్ని. బిళ్ళ ఎగిరి అవతలి పత్తి చేలో పడిందంటే ఆట ఆగి తగువు మొదలయ్యేది. వెతుకుతూ వెతుకుతూ పొద్దు గుంకేది.

ఆ తగువుకు మందు నాకు మా ఊరి గ్రంథాలయంలో దొరికింది. అట్ట ఊడిన ఆటల నియమాల పుస్తకంలో గోల్ఫ్ గురించి ఉంది. ఆ బంతిని కళ్ళతో చూసినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు. అయినా ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేశాను. బంతి పోయిందేమోనని అనుమానం వస్తే, వెతకడానికి వెళ్ళకముందే అందరికీ చెప్పి అక్కణ్ణుంచే ఇంకోటి కొట్టాలి. ఐదు నిమిషాల్లో మొదటిది దొరికితే అదే లెక్క. దొరక్కపోతే రెండోది లెక్క, పైగా జరిమానాగా ఒక దెబ్బ కోత. రెండోదానికి మేం మారుబిళ్ళ అని పేరు పెట్టుకున్నాం; బిళ్ళ పడిన దూరాన్ని కర్రతోనే కొలుస్తాం కాబట్టి కోత పది కర్రలు. గడియారం లేదు కాబట్టి అత్త తట్ట నిండేవరకే వెతుకులాట.

పై వీధి వాళ్ళ నాయకుడు శీను ఒకరోజు పందెం వేశాడు. "ఈసారి ఓడితే నువ్వు కర్ర ముట్టకూడదే. ఆడపిల్లవి, పోయి తొక్కుడుబిళ్ళ ఆడుకో."

చివరి దెబ్బ నాదే. బిళ్ళ గాల్లో తేలి పత్తి చేలో మాయమైంది. "మారుబిళ్ళ!" అని అరిచి రెండోది కొట్టాను; అది కాస్త దూరంలోనే పడింది. మావాళ్ళు చేలోకి ఉరికారు. నేను తట్ట వైపు చూస్తే, అత్త ఒక్కో కాయను ఎండకు ఎత్తి, తిప్పి, ఆలోచించి మరీ వేస్తోంది.

"ఏందత్తా, చేతులు పడిపోయినయ్యా?" శీను కేక.

"నీ నోరు పడిపోను, సచ్చినోడా! మంచికాయ పోతే రైతుకి నువ్విస్తావా?"

తట్ట మాత్రం గోపురంలా నిండి, అంచుల మీంచి కాయలు జారుతున్నాయి. "నిండిందత్తా," అన్నాను. నా మాట పూర్తయిందో లేదో, చేలోంచి మావాడు బిళ్ళ పైకెత్తి గంతులేశాడు. ఎంత దూరం పడిందో! కొలిస్తే గెలుపు మాదే.

"చెల్లదు. మారుబిళ్ళే కొలవండి," అన్నాను.

కోత పోను నాలుగు కర్రల తేడాతో ఓడిపోయాం. "పుస్తకాలు చదివితే ఇంతే, చేతికొచ్చింది కూడా వదులుకుంటారు," అని అత్త ఇంటిదాకా సణిగింది.

మర్నాడు నేను ఇంటి అరుగు దిగలేదు. శీనే వచ్చాడు. "ఏందే కూర్చున్నావు? రా. నువ్వు లేకపోతే ఆ రూలు మాకు ఎవరు చెప్తారు? కర్ర తెచ్చుకో, ముందు దెబ్బ నీదే."

ఇప్పుడు ఆ బీడంతా ప్లాట్ల రాళ్ళు. గ్రంథాలయానికి తాళం. గోల్ఫ్ వాళ్ళు వెతికే గడువును మూడు నిమిషాలకు తగ్గించారని ఈమధ్యే చదివాను. వాళ్ళిష్టం. మా ఊళ్ళో ఆ నియమాన్ని మొదట చదివింది నేను, దానివల్ల మొదట ఓడిందీ నేనే.