సబ్బు దారం, ముందు సీటు

సుబేదారిలో పెట్రోలు బంకులోకి ఆటో మళ్లగానే పక్కన కూర్చున్నవాళ్లు ముక్కులు మూసుకుంటారు. నేను మాత్రం గుండె నిండా పీల్చుకుంటాను. పంతొమ్మిది వందల డెబ్బై రెండు ఎండాకాలం, బాపు జీపు, నా పన్నెండో ఏడు ఒక్కసారే కళ్ల ముందుకొస్తాయి.

బాపుది వరంగల్‌లో కిరాణా కొట్టు. ప్రతి బేస్తవారం ఉప్పు, బెల్లం, ఎండుమిరపకాయలు వేసుకొని ఏటూరునాగారం వైపు వారపు అంగడికి పోయేవాడు. వేలంలో కొన్న ఆ జీపు నాకంటే పదేళ్లు పెద్దది. పెట్రోలు పంపులోకి పోయే ఇత్తడి జాయింటు ఎంత బిగించినా చెమర్చేది. బాపు మందు ఒక్కటే: జాయింటు విప్పి, దాని మర గాట్ల మీద బట్టల సబ్బు రుద్దిన నూలుదారం ఏడు చుట్లు చుట్టి, మళ్లీ పానాతో బిగించడం. సబ్బు పెట్రోలుకు కరగదు. దారం మాత్రం జాయింటు బిగిసే వైపే తిరగాలి. ఎదురు చుడితే బిగిస్తుంటేనే లోపల వదులైపోతుంది. ఇంజను పక్కన ఆ ఇరుకు సందులో బాపు చెయ్యి పట్టదు, నాది పట్టేది.

"జాయింటు కట్టినోళ్లే ముందు సీట్ల," అనేది బాపు కట్టడి. దారిలో కారితే మళ్లీ కట్టాలి కదా. రెండేళ్లు ఆ సీటు నాది. ములుగు దాటాక గాలిలో ఇప్పపూల వాసన, పసర దగ్గర తునికి పండ్లు, గేరు మార్చినప్పుడల్లా నా మోకాలికి తగిలే బాపు చెయ్యి, అన్నీ నావే.

ఆ ఎండాకాలం నా చెయ్యి సందులో ఇరుక్కుంది. ఎనిమిదేళ్ల చెల్లె సరళ పకపకా నవ్వింది.

"అక్కా, నీ యేళ్లు ముదురు బెండకాయలైనయే!"

బాపు కూడా నవ్వి, దారం ఉండ దాని చేతిలో పెట్టాడు. ఆ రోజు అమ్మ దానికి దారి కోసం కట్టిచ్చిన సర్వపిండి ముక్క నా ముక్కకంటే రెండు వేళ్లు పెద్దదని కొలిచి మరీ ఏడ్చాను.

మూడో వారం అది దారాన్ని ఎదురు చుడుతుంటే చూశాను. మొదటి చుట్టుకే తెలిసింది. ఏడూ లెక్కపెట్టాను, నోరు విప్పలేదు. వాళ్లిద్దరితో జీపు అంగడికి పోయింది.

మధ్యాహ్నం దాకా లోలోపల సంబరమే. బాపు దాన్ని తిడతాడు, వచ్చే వారం సీటు నాది. ఎండ ముదిరాక, కాగిన ఇంజను మీద పెట్రోలు పడితే భగ్గుమంటుందని బాపు అన్న మాట గుర్తొచ్చింది. ఇక గడప మీద నుంచి లేవలేదు, మెతుకు ముట్టలేదు.

పొద్దుగూకే వేళకు జీపు వచ్చింది. చెల్లె ఒడినిండా తునికి పండ్లతో దూకింది. నేను ఉరికి, "ఏడ కారింది బాపూ?" అన్నాను.

కారిందని అప్పటికి ఎవరూ చెప్పలేదు.

బాపు నా మొహం చాలాసేపు చూశాడు. "ములుగు కాడ. నీ చెల్లె వాసన పట్టింది. మల్ల మంచిగ కట్టింది," అన్నాడు. తిట్టలేదు. ఆ తరువాత పానా అందియ్యమని కూడా నన్ను అడగలేదు.

ఇప్పటి బండ్లకు రబ్బరు గొట్టాలు, క్లిప్పులు. పెట్రోలును సబ్బుతో ఆపేవాళ్లమంటే మెకానిక్కులు నవ్వుతారు. జీపు లేదు, బాపు లేడు. హనుమకొండలో ఉండే చెల్లె మాత్రం నలుగురు కూడితే చాలు, ఆ కథ ఎత్తుకుంటుంది. "మా బాపుకు నా మీద గంత నమ్మకం!" అంటుంది. బేస్తవారాన్ని శుక్రవారం చేస్తుంది, ములుగును పసర చేస్తుంది. నేను ప్రతిసారీ సరిచేస్తాను. దారం ఎటు తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నానో ఇంతవరకు చెప్పలేదు. చెబితే, "పోనియ్యే అక్కా" అని ఒక్క మాటతో క్షమిస్తుంది. అప్పుడు బాపు దగ్గర దాని సీటు ఇంకా ముందుకు జరుగుతుంది. అది మాత్రం నేను ఓర్వలేను.