పెద్దమ్మ వేసిన కచ్చా కుట్టు

ఇప్పుడు ఎక్కడ చూసినా క్రికెట్టే ఎక్కువ కానీ, మా కాలంలో, అంటే ఎనభైల నడుమ, ఖరగ్‌పూర్‌లో మా రైల్వే ట్రాఫిక్ కాలనీకి ఆదివారం సాయంత్రమంటే రగ్బీయే. కోడిగుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని అవతలివాళ్ళ గీత దాటాలి. దాటనివ్వకుండా వాళ్ళు మీదపడి కుమ్ముతారు. స్థూలంగా ఇంతే ఆట. (శ్రీకాకుళం నుంచి వచ్చిన మా మావయ్య ఒక ఆట చూసి, 'తగువు ఎందుకొచ్చింది?' అని అడిగాడు.) వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేరిన కొత్తలో నన్నూ జట్టులోకి తీసుకున్నారు. నా కండలు చూసి అనుకునేరు. మలంచా రోడ్డు మీద కుక్క తరుముతుంటే నేను పరిగెత్తడం మా కెప్టెన్ దాదా (బెంగాలీలో దాదా అంటే అన్నయ్య) చూశాడు. భయంతో పరిగెత్తేవాణ్ణి ఎవడూ అందుకోలేడని ఆయన సిద్ధాంతం.

ఆ క్లబ్బుకి ప్రాణం మా పెద్దమ్మ. మైదానం పక్క క్వార్టర్లోనే ఉండేది. నేను పుట్టకముందెప్పుడో బంతి వచ్చి ఆవిడ ఎండబెట్టిన వడియాల మీద పడిందట. కర్ర పట్టుకుని తిట్టడానికి వెళ్ళి, నెత్తురోడుతున్న ఒక కుర్రాడి మోకాలు చూసి, కర్ర పారేసి పసుపు తెచ్చి అద్దింది. అలా వెళ్ళిన మనిషి మరి క్లబ్బు వదల్లేదు. మైదానంలో సున్నంతో గీతలు గియ్యడం, నీళ్ళ బకెట్లు మొయ్యడం, నిమ్మచెక్కలు కొయ్యడం, చిరిగిన జెర్సీలు కుట్టడం, ఇవన్నీ ఆవిడ పనులే. బెంగాలీలూ తెలుగువాళ్ళూ అందరికీ ఆవిడ 'మాసీమా', అంటే పిన్నమ్మే. ఆట మాత్రం ఎన్నేళ్ళయినా ఆవిడకి మింగుడుపడలేదు. బంతిని చేత్తో వెనక్కే తప్ప ముందుకి విసరకూడదని చెబితే, "ముందుకెల్లడానికి ఎనక్కి ఇసరాలేటి? ఇదేటి ఆటరా నాయనా!" అని బుగ్గలు నొక్కుకునేది.

ఆ ఏడు కలకత్తా జట్టు మా ఊరొచ్చింది. వాళ్ళ మీద మేం ఎప్పుడూ గెలిచి ఎరగం. ఈసారీ ఓడితే ఆదివారాలు మైదానం ఫుట్‌బాల్ వాళ్ళకి ఇచ్చేస్తామని కాలనీ పెద్దలు తేల్చి చెప్పేశారు. పెద్దమ్మకి ఆ సంగతి తెలిసి, పొద్దుటి నుంచీ నోట్లో పచ్చి మంచినీళ్ళు పోసుకోలేదు. నేను మాత్రం గాభరాకి మూడు ప్లేట్లు ఇడ్లీ తిన్నాను.

కలకత్తావాళ్ళు ఒక్కొక్కడూ బీరువాలా ఉన్నారు. సగం ఆట అయ్యేసరికి మేం మూడు పాయింట్లు వెనక. నా జెర్సీ చెయ్యి భుజం దగ్గర ఊడి వేలాడుతోంది. పెద్దమ్మ నన్ను స్టూలు మీద కుదేసి సూది తీసింది.

"కదలకురా గుంటడా, పొడిసేస్తాది."

"గట్టిగా కుట్టు పెద్దమ్మా."

"టైమేదిరా? ఇప్పటికి కచ్చా కుట్టేసినాను. ఆటయ్యాక గట్టిగా ఏస్తాను. ఎల్లు, విజిలేసినాడు!"

నాలుగు పోగులు వేసి, దారం పంటితో కొరికి, వీపు మీద ఒక్కటి చరిచి తోసింది.

ఇక ఆట ముగియబోతోందనగా, అప్పటికీ మేం ఆ మూడు పాయింట్లు వెనకే ఉండగా, కెప్టెన్ దాదా బంతిని నాకు విసిరాడు. "భాగ్! భాగ్!" అని కేక. నేను కళ్ళు మూసుకుని పరుగు లంకించుకున్నాను. (మూసుకున్నానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.) అందరికన్నా పెద్ద బీరువా నా వెనకే. మెడ మీద వాడి ఊపిరి తగులుతోంది. వాడి పిడికిలి నా చొక్కా చేతిని పట్టి లాగింది. అయిపోయాననుకున్నాను. 'టర్ర్'మని చప్పుడయింది. నా భుజం చల్లగా తేలికైపోయింది. వాడు వెల్లకిలా పడ్డాడు, చొక్కా చెయ్యి వాడి చేతిలో ఉంది. నేను మాత్రం ఆగలేదు. గీత దాటి, బంతితో సహా సున్నంలో బోర్లాపడ్డాను. ట్రై! అంటే నాలుగు పాయింట్లు!

బీరువా లేచి, ఆ గుడ్డపీలిక ఊపుతూ, నేను పట్టేశాను కదా అని రిఫరీ దగ్గర లబోదిబోమన్నాడు. రిఫరీ పాత ఇంజిన్ డ్రైవరు, మేమంతా డ్రైవర్ అంకుల్ అనేవాళ్ళం. ఆయన తాపీగా, "చొక్కాకో పకడా, ఆద్మీకో నహీ. ట్రై ఠీక్ హై" అన్నాడు. ఇంతలో పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మైదానం మధ్యకి దూసుకొచ్చింది. చొక్కా చేతిని హిందీలో ఏమంటారో ఆవిడకి తెలీదు. మనం 'చెయ్యి' అంటాం కదా, అదే తర్జుమా చేసేసింది.

"ఏయ్ దాదా! హమారా హాత్ వాపస్ దో!"

వాడు తెల్లబోయి తన చేతులు చూసుకున్నాడు. నా చేతులు లెక్కపెట్టాడు. రెండూ ఉన్నాయి. అప్పుడర్థమై, పగలబడి నవ్వి, ఆ గుడ్డని మడతపెట్టి రెండు చేతులా ఆవిడకి ఇచ్చి, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

ఒక్క పాయింటుతో గెలిచాం! మైదానం మాకే దక్కింది. కెప్టెన్ దాదా కప్పు అందుకుని నేరుగా పెద్దమ్మ చేతుల్లో పెట్టాడు. అందరం కలిసి ఆవిణ్ణి భుజాల మీదకెత్తి మైదానం చుట్టూ తిప్పాం. "దించండ్రా! పడిపోతాన్రా!" అని అరుస్తూనే, కాలనీ పెద్దలు నిలబడ్డ చోటికి రాగానే మాత్రం, "ఇక్కడ కొంచెం నెమ్మదిగా ఎల్లండ్రా, బాగా సూడనీండి" అంది.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు, కూర్చుంటే లేవలేని దశ వచ్చేదాకా, గీతలు ఆవిడే గీసింది. ఇప్పుడు ఆ పని నాది. పొట్ట అడ్డొచ్చి వంగలేక, డబ్బాకి కర్ర కట్టి సున్నం పోస్తుంటాను. ఒకప్పుడు నేనూ పరిగెత్తానంటే కుర్రాళ్ళు మర్యాదగా తల తిప్పుకుని నవ్వుతారు. వాళ్ళంతా వెళ్ళిపోయాక, బంతి చంకన పెట్టుకుని, ఆ చివరి గీత ఒకసారి దాటి వస్తాను. పరుగు కాదులెండి, నడకే. వెనక నుంచి ఎవరైనా చొక్కా పట్టి లాగితే బావుణ్ణనిపిస్తుంది.