ముందు లాగే బండి, వెనక పెట్టిన రాళ్లు

అది 1986. నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు మీద నాకు రేకుల షెడ్డు ఉండేది. అప్పటికి పదిహేనేళ్లుగా కార్లు రిపేరు చేస్తున్నాను. నా చేతికి వచ్చిన కార్లన్నీ ఒకే పద్ధతివి. ఇంజను ముందుంటుంది. దాని బలం ప్రొపెల్లర్ షాఫ్టు అనే పొడుగాటి కడ్డీ గుండా వెనక్కి పోతుంది. వెనక చక్రాలు బండిని తోస్తాయి. రోడ్డు మీద పోయే కారు చప్పుడు విని అది ఎవరిదో చెప్పేసేవాణ్ణి. ఆ గర్వం బాగానే ఉండేది నాకు.

అప్పుడే మా ఊళ్లోకి కొత్త రకం చిన్న కారు దిగింది. ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ముందు చక్రాలే బండిని లాగుతాయి. మొదటిసారి దాని కిందికి దూరి చూస్తే వెనక్కి పోయే షాఫ్టే లేదు. ఎవరో పార్టు ఊడబీకి అమ్మారేమో అనుకున్నాను.

ఆ కారు కొనాలనుకున్నవాళ్లలో దేవదానం సారు ఒకరు. మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. కొనే ముందు నా దగ్గరికి వచ్చారు.

"ఏం బాషా, ఇన్నేండ్లు తోసే బండ్లే చూసినాం. ఇప్పుడు లాగే బండి అంటాండారు. మన పాత కంపెనీలు కూడా ఇట్లే మారాల్నంటావా?"

"మారినాయంటే చెడిపోతాయి సార్. బలం వెనకుండాల. మన నల్లరేగడిలో ఇది ఆటబొమ్మే."

ఆయన నవ్వి, అయినా అదే కొన్నారు. బండితో వచ్చిన పుస్తకాన్ని పాఠం చదివినట్టు వారం రోజులు చదివి మళ్లీ వచ్చారు.

"దీనికి బరువంతా ముందరే ఉంది బాషా, లాగే చక్రాల మీద. అందుకే పట్టు దొరుకుతాదంట."

"పుస్తకం రాసినోడు మన మట్టి చూసినాడా సార్?" అన్నాను. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. సారూ నవ్వి ఊరుకున్నారు.

ఆ ఏడు వానాకాలంలో ఒక పొద్దున సారు కంగారుగా వచ్చారు. ఆళ్లగడ్డ అవతల పల్లెలో వాళ్లమ్మకు బాగాలేదని, ఆయన్నే అడుగుతోందని కబురు వచ్చింది. బురదలో నడపడం ఆయనకు అలవాటు లేదు. నేను స్టీరింగు పట్టుకున్నాను. ఆళ్లగడ్డ దాకా హాయిగా పోయాం. తారు రోడ్డు అయిపోయాక పల్లెకు మూడు మైళ్ల బండిబాట. రెండు రోజుల వానకు అది ముద్దయిపోయి ఉంది. మైలు పోకముందే కారు దిగబడింది.

తోసే బండి దిగబడితే ఏం చేయాలో మా నంద్యాల డ్రైవర్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వెనక బరువు పెడితే వెనక చక్రాలు మట్టిని పట్టుకుంటాయి. నేనూ అదే చేశాను. సారును వెనక సీట్లోకి మార్చాను. పక్క చేలోని ఇద్దరు కూలీలను పిలిచి డిక్కీ నిండా రాళ్లు వేయించాను. ఇంజను అరిచింది. ముందు చక్రాలు తిరిగి తిరిగి గుంత తవ్వుకున్నాయి. ఇంకొన్ని రాళ్లు వేయించాను.

"బాషా, లాగేది ముందర చక్రాలు కదప్పా. బరువు ఈడ పెడితే ఎట్లా?" అన్నారు సారు వెనక నుంచి.

"గమ్మునుండండి సార్. పదైదేండ్లుగా ఇదే పని చేస్తాండా."

గంట గడిచింది. చివరికి సారు దిగి, చెప్పులు చేతబట్టుకుని, పంచె పైకి కట్టారు. "నడిచి పోతాలే బాషా. మాయమ్మ చూస్తాంటాది," అని బురదలో నడక మొదలుపెట్టారు.

ఆయన కనుమరుగయ్యాక, అలసిపోయిన కూలీ ఒకడు ముందున్న బానెట్ మీద కూర్చున్నాడు. నేను ఎక్సలేటర్ తొక్కేసరికి చక్రం మొదటిసారి కాస్త మట్టిని పట్టింది. రాళ్లన్నీ తీయించి, ఇద్దరినీ బానెట్ మీద కూర్చోబెట్టి, ముందు చక్రాల కింద జొన్నచొప్ప వేయించాను. ఒక్క లాగుడుకు బండి బయటపడింది.

దారిలో సారు దొరకలేదు. ఇల్లు చేరేసరికి ఏడుపులు వినిపిస్తున్నాయి. సారు మోకాళ్ల దాకా బురదతో మంచం పక్కన కూర్చుని ఉన్నారు. ఆయన గడప దాటడానికి కొంచెం ముందే ఆమె పోయిందట. "తెల్లారినప్పటి నుంచి అడగతానే ఉండె, చిన్నోడు వచ్చినాడా అని," అంది ఆయన అక్క. నేను బయటికి వచ్చి కారు పక్కన నిలబడి ఏడ్చాను.

కార్ల కంపెనీ తన పాత పద్ధతి వదలొచ్చా అని ఆ తర్వాత చాలామంది నన్ను అడిగారు. కారణం ఉంటే వదలొచ్చు అనే చెప్పేవాణ్ణి. ఆ బండిలో తప్పేమీ లేదు. కార్లు మారాయి, నేను మారలేదు. నా మొండితనానికి మూల్యం చెల్లించింది మాత్రం ఆయన.

నెల తర్వాత సారు కారును సర్వీసింగుకు నా దగ్గరికే తెచ్చారు. నాకే ఉండబట్టక అడిగాను.

"ఆ పొద్దు నన్ను గట్టిగా తిట్టింటే బాగుండు కద సార్?"

సారు కారు తాళాలు నా చేతిలో పెట్టారు.

"చెప్పినా కదప్పా. నువ్వు మెకానిక్కువి, నేను పంతుల్ని. నీకే తెలుసనుకుంటి."