నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు

మా అమ్మాయి ఈ రోజు కారు నడిపిందండీ! సంతోషం పట్టలేక, ఒకచోట కూర్చోలేక, వచ్చినప్పటి నుంచి ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాను.

పోయిన చలికాలం ఇక్కడ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మంచు మీద కారు జారి గుద్దుకున్నప్పటి నుంచి తను స్టీరింగ్ ముట్టలేదు. ఈ రోజు ధైర్యం చేసి కూరగాయలకు బయల్దేరింది. దిష్టి తగలకూడదని, తనకు చెప్పకుండా నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పక్క సీట్లో కూర్చున్నాను. కారు కదలగానే టప్‌మని చప్పుడు. తను బ్రేక్ తొక్కేసింది. చేజేతులా చెడగొట్టానని నా ప్రాణం పోయినంత పనైంది.

"ఏంటి నాన్నా అది?"

"నిమ్మకాయలమ్మా. దిగిపోదామా తల్లీ?"

"వద్దు, ఆగు. మెదడులో ముందు భయం గంట మోగేస్తుందంట. అది నిమ్మకాయా, యాక్సిడెంటా అన్న ఆలోచన కాస్త లేటుగా వస్తుందంట. ఈలోపు పారిపోవద్దని డాక్టర్ చెప్పారు."

మెల్లగా ఊపిరి వదులుతూ కూర్చుంది. కాసేపటికి నవ్వింది. ఆ తర్వాత కారు కదిలింది! పక్క సీట్లో లేని బ్రేకును దారంతా నేను తొక్కుతూనే ఉన్నాను.

కొట్లో తను మొదట తీసుకున్నవి నాలుగు నిమ్మకాయలు. "రేపు ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తా నాన్నా. ఈసారి చెప్పి పెట్టు" అంది.

రేపు పక్క సీట్లో నేనుండను కదా! నా భయం గంట అప్పుడే మోగడం మొదలైంది. దాన్ని ఆపే ఉపాయం తెలిసినవాళ్లు చెప్పండి బాబూ.