మేలూరుకు వెళ్ళిన పాటలు

మా అమ్మ పాడిన పెళ్ళిపాటలు మదురైలో మా ఇంటి కంప్యూటర్లో ఉండేవి. అమ్మ పోయాక అవి ఎవరికీ నోటికి రావు. కోడలు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒక శుక్రవారం మేలూరులోని పుట్టింటికి బయలుదేరింది.

"శుక్రవారం ఇంటి సొత్తు బయటికి పోకూడదు. మీ అమ్మకు సారె మోస్తుండావా?" అన్నాను.

"సొత్తు ఇక్కడే ఉంది అత్తా, నేను తీసుకపోయేది కాపీయే," అని నవ్వింది.

మనవరాలి పెళ్ళి వారంలో ఉందనగా కంప్యూటర్ చెడిపోయింది. అందులోవి ఇక రావని బాగుచేసేవాళ్ళు చెప్పారు. అమ్మ పాటలు లేకుండా పెళ్ళెట్లా అని కోడలిని అడిగాను.

"కవల పడకండి అత్తా, దిగులెందుకు," అని కోడలు మేలూరు బస్సెక్కింది. సాయంత్రానికి పుట్టింట్లో దాచిన డ్రైవ్ తెచ్చి, కొత్త కంప్యూటర్లో అమ్మ గొంతు వినిపించింది. కోడలి ముందుచూపు నాకెక్కడిది!

పెళ్ళి అయ్యాక వచ్చిన శుక్రవారం ఆ డ్రైవ్‌ను తమలపాకుల్లో పెట్టి, మేలూరుకు తీసుకెళ్ళమని నేనే ఆమె చేతికిచ్చాను.