ఇరవై ఐదో మేకు

డెబ్బై ఒకటి డిసెంబర్, యుద్ధం రోజులు. ఉదయం ఆరింటికి పఠాన్‌కోట్ అవతల ఒక చెరకు తోట పక్కన లారీ దిగాను. కిట్‌బ్యాగు, రెండు కంబళ్లు, ఒక మగ్గు. నేలంతా మంచు.

నేను పటాన్‌చెరు పక్క భానూర్ వాణ్ణి, సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని. ఆపరేషన్ థియేటర్ శిక్షణకు వెళ్లాలన్నది నా ఒక్కటే ఆశ. నా స్వభావం ఆ పనికి తగునని మా సర్జన్ మేజర్ రాసివ్వాలి.

థియేటరంటే గుడారమే. రక్తం తుడిచిన గాజ్ గుడ్డల్ని పారేయకూడదు. ఒక పలకకు ఇరవై ఐదు మేకులు. మేకుకొకటి తగిలించాలి. ఒక్క గుడ్డా ఒంట్లో మిగిలిపోకుండా, కుట్లు వేసేముందు ఇద్దరం పైకి లెక్కపెట్టాలి. రెండోవాడు హవల్దారు, మా సంగారెడ్డి మనిషే. అన్నా అని పిలిచేవాణ్ణి.

తొమ్మిదో రోజు, మధ్యాహ్నం రెండు నలభై. టేబుల్ మీద కడుపులో షెల్ ముక్క దిగిన డ్రైవర్. బయట స్ట్రెచర్ల మీద ఇంకో ముగ్గురు. షెల్లింగ్ దగ్గరపడింది.

"సూది," అన్నాడు మేజర్.

"గుడ్డ ఒకటి తక్కువుంది సార్."

"మళ్లీ లెక్కపెట్టు."

ఇరవై నాలుగే. చివరి మేకు ఖాళీ.

హవల్దారు నా చెవిలో అన్నాడు: "నాకూ గంతే వచ్చింది. గని జెర నోరు మూసుకో తమ్మీ. బయట ముగ్గురున్నరు."

"సూది ఇస్తావా, ఇయ్యవా?" మేజర్ అరిచాడు.

"ఇయ్యను సార్."

మేజర్ బూతు తిట్టి మళ్లీ చెయ్యి పెట్టాడు. కాలేయం వెనక దొరికింది. నా చేతిలో పడేశాడు. మేకుకు తగిలించి, సూది అందించాను.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. 'ఒత్తిడిలో ఆదేశం పాటించడు. థియేటర్‌కు స్వభావం సరిపోదు.' కింద సాక్షి సంతకం హవల్దారుది.

"ఏందన్నా ఇది?"

"సాబ్ పెట్టుమన్నడు, పెట్టిన. నువ్వైతే ఏం జేస్తుంటివి?"

"పెట్టకపోదును."

"గందుకే నిన్ను పంపుతలేరు."

శిక్షణకు అతనే వెళ్లాడు.

సర్వీసు ముగించుకొని ఇంటికొచ్చాను. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ దవాఖానలో తెగిన వేళ్లకు కట్లు కట్టే పని దొరికింది. ఒకసారి సంగారెడ్డి బస్టాండులో హవల్దారు కనిపించి నవ్వాడు.

"ఇంకా కోపమేనా తమ్మీ?"

"ఇంకా ఉంది."

పిల్లల్ని డాక్టర్లు చేయాలనుకునేవాళ్లు నన్ను అడుగుతుంటారు, ఆ పనికి ఎట్లాంటి మనిషి కావాలని. నాకు తెలియదు. పనికిరానని కాగితం మీద ఉన్నవాణ్ణి. ఆ డ్రైవర్ బతికాడో లేదో కూడా నాకెవరూ చెప్పలేదు.

ఆ పలక మాత్రం కళ్ల ముందే ఉంది. చివరి మేకుకు ఎర్రటి గుడ్డ, చుక్క చుక్కగా కారుతోంది. దాన్ని తగిలించిన చెయ్యి నాది. అది వణకలేదు.